‘తప్పులు’ అన్న ఫోల్డరు

“ఈ పరికరానికి కొత్త సిస్టమ్ వర్తించదు.”

తెర మీద ఆ వాక్యం చూసి నాకు ఒళ్ళు మండింది. వర్తించదట! పన్నెండేళ్ళ కిందట ఆ పరికరాన్ని నా చేతులతో నేను కూర్చాను. దానికి ఏది వర్తిస్తుందో ఇవాళ అది నాకు చెబుతోంది.

ఆదివారం పొద్దున్న, కంచరపాలెంలో మా అక్క ఇంట్లో, భోజనాల బల్ల మీద పాత పలుకుపెట్టె విప్పి పెట్టుకుని కూర్చున్నాను. ఎదురు కుర్చీలో అక్క ఎడమచేత్తో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తన నడుముకు ఉండాల్సిన పెట్టె బల్ల మీద ఉంది కాబట్టి ఆ పూటకి తనకు మాట లేదు. కళ్ళతోనే ‘ఎంతసేపే?’ అని రెండుసార్లు అడిగింది.

మా అక్క పైడిలక్ష్మి బస్సు కండక్టరుగా చేసింది. విజయనగరంలో ఎక్కి, అలమండ, కొత్తవలస, పెందుర్తి, వేపగుంట, గోపాలపట్నం, ఎన్.ఏ.డి., కంచరపాలెం మీదుగా విశాఖ కాంప్లెక్సులో దిగడం, మళ్ళీ తిరిగి ఎక్కడం. పదహారేళ్ళు అదే దారి. ఆ బస్సు నడిపిన సూరిబాబునే పెళ్ళి చేసుకుంది. ముప్ఫై ఎనిమిదో ఏట డ్యూటీలో ఉండగానే మెదడులో నరం చిట్లింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. చెప్పాల్సింది తెలుసు, ఆ మాట ఎక్కడుందో దొరకదు.

అప్పటికి నేను బీచ్ రోడ్డులోని ఒక ల్యాబులో పనిచేస్తున్నాను. మాట నోటిదాకా రాకముందే, మెదడులో పుట్టే దాని అలికిడిని పట్టుకునే సన్నటి తీగల వల ఒకటి తయారు చేశాం. నడుముకు కట్టుకునే పెట్టె ఆ అలికిడిని అర్థం చేసుకుంటుంది, కాలరు దగ్గరున్న బుల్లి స్పీకరు పలుకుతుంది. దాన్ని మొట్టమొదట పెట్టించుకున్న మనిషి మా అక్క. గొంతు రేకుడబ్బాలో రాళ్ళు వేసినట్టుండేది, ఒక్కో మాటకి నాలుగు సెకన్లు పట్టేది. అయినా ఆ పెట్టెతోనే అక్క కూరగాయలవాడితో పోట్లాడింది, కూతురి పెళ్ళి చేసింది, మా బావని రోజుకి పదిసార్లు తిట్టింది.

ఆ పెట్టెకి ఇప్పుడు గడువు ముంచుకొచ్చింది. తలలోని వల పనిచెయ్యాలంటే ప్రతి నెలా, మా ల్యాబు నుంచి దాన్ని కొనుక్కున్న కంపెనీ అనుమతి అందాలి. పాత సిస్టమ్ ఉన్న పెట్టెలకి ఈ నెల ముప్ఫయ్యో తారీఖుతో ఆ అనుమతి ఆపేస్తామన్నారు. కొత్త సిస్టమ్ వేసుకుందామంటే అది పాత పెట్టెలకి ఎక్కదు. కొత్త పెట్టె కొందామంటే దానికి కొత్త వల కావాలి, అంటే అక్క తల మళ్ళీ తెరవాలి. అక్క గుండె అంత మత్తుకి తట్టుకోదని డాక్టర్లు తేల్చేశారు. ముప్ఫయ్యో తారీఖు తర్వాత మా అక్కకి మాట ఉండదు.

అందుకే ఎక్కదన్నదాన్ని ఎక్కించడానికి కూర్చున్నాను. కొత్త సిస్టమ్ మొదట అడిగేది ఒక్కటే, నువ్వు ఎన్నో మోడల్ అని. పెట్టె నిజం చెప్పినంతసేపూ అది తలుపు తియ్యలేదు. లోపల ఒక్క అంకె మార్చి, ‘ఒకటి’ అనాల్సిన చోట ‘అయిదు’ అనిపించాను. తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న బావ అన్నాడు, “రత్తం, అది పాత బండే. దానికి కొత్త ఇంజినెట్టీస్తే గేర్లు ఒప్పుకోవు.”

“నీకు బస్సు తప్ప ఇంకేటీ తెల్దు బావా. నువ్వలా కూకో.”

“నాకేటి తెల్దు గానీ, దానికి ఏటీ అవ్వకుండా సూడు.”

సగం పని అయ్యాక తెర మళ్ళీ ఆగింది. చోటు చాలదట, ఏదైనా తీసెయ్యాలట. లోపల ఉన్న ఫోల్డర్ల పేర్లన్నీ వరసగా వచ్చాయి. గొంతు, గడియారం, ఫోను నంబర్లు, వాటి కింద ‘తప్పులు’. ఆ పేరు పెట్టింది నేనే. ల్యాబులో మొదటి ఏడాది అక్క తప్పుగా పలికినవన్నీ అందులో వేసేవాళ్ళం. పన్నెండేళ్ళ నాటి తప్పులతో ఇప్పుడేం పని? దాని పక్కన గీత పెట్టి ‘తీసెయ్’ నొక్కాను. రెండో ఆలోచన లేదు. అలవాటు కొద్దీ పాత సిస్టమ్ మొత్తానికి ఒక నకలు వేరే డిస్కులో దాచాను, అంతే.

మధ్యాహ్నానికి పెట్టె అక్క నడుముకు కట్టాను. నాలుగు సెకన్లు ఆగే అలవాటుతో అందరం ఊపిరి బిగబట్టాం. ఆగనక్కర్లేకపోయింది.

“నమస్కారం. నేను చాలా బాగున్నాను. మీ అందరికీ ధన్యవాదాలు.”

తీయటి గొంతు, రైల్వే స్టేషన్లో ప్రకటనలు చెప్పే గొంతులా తడబాటు లేకుండా ఉంది. అక్క కళ్ళు పెద్దవయ్యాయి. ఆనందమనుకున్నాను. నేనైతే ఏడ్చేశాను.

సోమవారం అక్కని ల్యాబుకి తీసుకెళ్ళాను. మా పెద్ద మార్కండేయులు గారు నలుగురు డాక్టర్లని పిలిపించారు. ఇరవై నిమిషాలు అక్క వాళ్ళతో మాట్లాడింది. ఎలా ఉందంటే బాగుందంది, నొప్పి ఉందా అంటే లేదంది, “విజ్ఞానశాస్త్రం సాధించిన ప్రగతి అద్భుతం” అని కూడా అంది. గదంతా చప్పట్లు. మాటల మధ్యలో అక్క ఏదో గొణుగుతూ ఎడమచేత్తో పెట్టెని తడుముతుంటే, బెల్టు బిగుతుగా ఉంది కాబోలని నేను ఒక రంధ్రం వదులు చేశాను.

“రత్నం, ఇలాంటి పాత పెట్టెలు మన దగ్గర ఇంకా రెండువందల పైచిలుకు ఉన్నాయి,” అన్నారు మార్కండేయులు గారు. “అన్నిటికీ ఇదే చేసేద్దాం. జాబితా తయారు చెయ్యమ్మా.”

ఆ సాయంత్రం జాబితా తయారు చేస్తూ కూర్చున్నాను. అంత గర్వంగా నేను ఏ పనీ చెయ్యలేదు.

ఇంటి దగ్గర మాత్రం బావ మొహం విప్పారలేదు. “సంతోసం, ధన్యవాదాలు, ఏటా మాటలు? పన్నెండేళ్ళలో ఇది నన్నొక్కసారి ధన్యవాదాలన్లేదు. నిన్న కాఫీ ఇస్తే అనీసింది. నాకు దడుపొచ్చీసింది.”

“మంచి మాటన్నా నీకు కష్టమేనా బావా?”

“మంచి మాటే. ఆల్లెవరో అన్నట్టున్నాది గానీ, ఇది అన్నట్టు లేదు.”

అతని చాదస్తం అనుకుని కొట్టిపారేశాను. ఒక్కటి మాత్రం నాకూ వింతగా ఉండేది. అక్క తిండి తగ్గించింది. రెండు ముద్దలు తినేసరికి ఆ తీయటి గొంతు “చాలు, కడుపు నిండింది” అనేది. వెంటనే మేం పళ్ళెం తీసేసేవాళ్ళం. పళ్ళెం వెనకాలే తన చెయ్యి కొంతదూరం వచ్చేది. గొంతు అంత స్పష్టంగా చెబుతుంటే చెయ్యి ఎవరు చూస్తారు? గొణుగుతుంటే కూనిరాగం అనుకున్నాం. మాట వచ్చిన సంబరంలో మనిషిని చూడటం మానేశాం.

గురువారం నాడు ల్యాబుకి సెలవు పెట్టి అక్క దగ్గరే ఉన్నాను. మధ్యాహ్నం భోజనాలు. మెంతికూర పప్పు, వంకాయ వేపుడు, రెండూ అక్కకి ఇష్టం. రెండు ముద్దలు తింది. పెట్టె అంది, “చాలు, కడుపు నిండింది.”

నేను పళ్ళెం అందుకున్నాను. అక్క ఎడమచెయ్యి పైకి లేచి, పక్కనున్న ఇనప మంచం పట్టీ మీద గట్టిగా పడింది. ఒక్కటే దెబ్బ.

ఠంగుమన్న ఆ చప్పుడుకి, బల్ల అవతల కూర్చున్న బావ కుడికాలు నేలని అదిమి పట్టింది. నేను చూశాను. అతను బండి దిగి తొమ్మిదేళ్ళయింది. కాలు మాత్రం బ్రేకు వేసింది.

“ఆపు,” అన్నాడు బావ. “పల్లెం తియ్యకు. ఇది హోల్డాన్ అంతంది.”

“ఏటి బావా?”

“ఒక గంట కొడితే హోల్డాన్, రెండు కొడితే రైట్ రైట్. పదహారేళ్ళు ఇది గంట కొట్టింది, నానాపినాను. నాకు తెల్దా?”

“అన్నీ బాగున్నాయి, ధన్యవాదాలు,” అంది పెట్టె తీయగా. అక్క మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఒక్కటే. కళ్ళనిండా నీళ్ళు, పళ్ళు బిగించి ఉన్నాయి. ఆ మొహం మీదుగా ఆ తీయటి గొంతే వస్తోంది. చెయ్యి వెనక్కి పోనిచ్చి పెట్టె మీట కట్టేశాను.

అక్క పెదాలు కదిలాయి. ఇన్నేళ్ళ తర్వాత తన సొంత నోటితో, మొద్దుబారిన నాలుకతో, ముక్కలు ముక్కలుగా అంది.

“కొత్త... వలస.” కాసేపాగి, నా వైపు చూసి, ఇంకా గట్టిగా, “వేపగుంట. వేపగుంట!”

ఆ రెండు మాటలూ నాకు తెలుసు. తెలిసీ మర్చిపోయాను.

మొదటి ఏడాది ల్యాబులో అన్నం బొమ్మ చూపిస్తే అక్క ‘కొత్తవలస’ అనేది. నేను పట్టికలో తప్పు అని గీత పెట్టేదాన్ని. అంకెలు, వారాల పేర్లు, పదేపదే వల్లించినవి ఇలాంటి రోగుల నోట మిగిలిపోతాయని డాక్టరు చెప్పింది. మా అక్కకి మిగిలినవి స్టాపుల పేర్లు. కొన్నాళ్ళకి గమనించాను, ఆ తప్పులు మారడంలేదు. అన్నం అన్నా ఆకలి అన్నా ఎప్పుడూ కొత్తవలసే, వాళ్ళ బస్సు టిఫినుకి ఆగేది అక్కడే. కోపమంటే వేపగుంట. తలనొప్పి ఎన్.ఏ.డి. ఇల్లంటే కంచరపాలెం. చాలు, అయిపోయింది అంటే కాంప్లెక్సు, అది ఆఖరి స్టాపు. ఆ జాబితా అంతా పెట్టెలో పెట్టాం. అక్క కొత్తవలస అనుకుంటే పెట్టె ఆకలి అని పలికేది. అది పనిచేసింది, అందరం చప్పట్లు కొట్టాం, ఫోల్డరు పేరు మార్చాలని ఎవరికీ తట్టలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ అక్క గలగలా మాట్లాడుతుంటే అసలు మాటలే తిరిగొచ్చేశాయని నమ్మేశాను. తిరిగి రాలేదు. ఈ పన్నెండేళ్ళూ అక్క ఆ దారినే నడిచింది. ఆ దారిని నేను ఆదివారం పొద్దున్న ఒక్క నొక్కుతో చెరిపేశాను.

పెట్టెలోని నమోదులు తెరిచి చూశాను. సోమవారం ఒంటిగంటకి అక్క మెదడు కొత్తవలస అంది. కొత్త సిస్టమ్ దాన్ని చదివింది కూడా. ‘సందర్భానికి పొసగని ఊరి పేరు, వదిలెయ్యాలి’ అని రాసుకుంది. ఎదురుగా పళ్ళెం, పక్కన మనుషులు. ఇలాంటప్పుడు జనం ఎక్కువగా ఏమంటారో లెక్కకట్టి, చాలు, కడుపు నిండింది అని పలికింది. నాలుగు రోజులుగా అక్క ఆకలి, ఆకలి అని అరుస్తోంది. అక్క కోపం, కోపం అంటే ఆ పెట్టె ధన్యవాదాలు చెప్పింది.

మార్కండేయులు గారికి ఫోన్ చేశాను. అంతా విని, “ఆ జాబితా మళ్ళీ పెట్టలేవా?” అన్నారు.

“పట్టదు సార్. ఆ పెట్టెలో అదన్నా ఉండాలి, కొత్త సిస్టమన్నా ఉండాలి.”

“తొంభై శాతం మాటలు సందర్భానికి నప్పుతున్నాయి కదమ్మా. పాతది పెడితే ముప్ఫయ్యి తర్వాత అసలు మాటే ఉండదు. ఆలోచించుకో.”

“నప్పుతున్నది మనకి సార్, తనకి కాదు. మిగతావాళ్ళ పెట్టెలు ముట్టుకోవద్దు. ఒక్కొక్కరి దగ్గరా ఏ తప్పులున్నాయో నేను చూసేదాకా ముట్టుకోవద్దు.” అంత పెద్దాయనతో అలా మాట్లాడటం అదే మొదలు.

అక్క ముందు నేల మీద కూర్చున్నాను. “అక్కా, ఇది ఉంచితే ఎప్పటికీ మాట్టాడతాది. నీ మాటలు కావు. పాతదెట్టేస్తే నీ మాటలే, తొమ్మిది రోజులు. ఆ తర్వాత ఏటీ ఉండదు. కొత్తది ఉంచీమంటే రెండు కొట్టు. వద్దంటే ఒకటి.”

అక్క నన్ను చాలాసేపు చూసింది. మంచం పట్టీ మీద ఒకటి కొట్టింది. రెండోదాని కోసం నేను ఎదురుచూశాను, సిగ్గు లేకుండా ఆశపడ్డాను. రెండోది పడలేదు.

దాచిన నకలు ఎక్కించడానికి గంట పట్టింది. రేకుడబ్బా గొంతు మళ్ళీ వచ్చింది. నాలుగు సెకన్లకి ఒక మాట.

“నూకా. ఆకలి.”

నా పేరు నూకరత్నం. నూకా అని పిలిచేది అక్క ఒక్కతే. అన్నం కలిపి పెడుతూ జరిగిందంతా చెప్పాను, ఫోల్డరు పేరుతో సహా. దాచాలనిపించింది గానీ, దాచి ఆ మొహం చూడలేననిపించింది. అక్క నమలడం ఆపింది.

“తప్పులా? నా మాటలకి తప్పులని పేరెట్టినావా?”

“అవునక్కా.”

అక్క ఎడమచెయ్యి నా ముందుకి చాచింది. ఆ తర్వాత అంది, “నా తప్పులు నాకిచ్చీ.”

ఆ తొమ్మిది రోజులూ మేం చేసింది అదే. జాబితా మొత్తం కాగితాల మీదకి దించాం. నాలుగువందల పదిహేడు మాటలు. అక్క ఒక్కొక్కటీ చదివించుకుని సరిచేసింది, కొత్తవి చేర్చింది. బావకి దారంతా కంఠతా వచ్చు కాబట్టి నాకంటే త్వరగా నేర్చుకున్నాడు. తన పేరు ఎక్కడుందోనని ఆత్రంగా వెతికితే, సూరిబాబుకి ఎదురుగా ‘బ్రేక్‌డౌన్’ అని ఉంది. “పన్నెండేళ్ళ నుంచీ నన్నిలా పిలుస్తన్నావేటే!” అని బావ లేచాడు. అక్క భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వుకి పెట్టె అవసరం లేదు.

నా పేరు మూడో పేజీలో దొరికింది. నూక అన్నదానికి ఎదురుగా ‘అలమండ’ అని ఉంది.

నేను కంచరపాలెం పాలిటెక్నిక్‌లో చదివే రోజుల్లో అలమండలోనే బస్సెక్కేదాన్ని. పొలం గట్టు మీద జడ అల్లుకుంటూ పరిగెత్తుకొచ్చేదాన్ని, ఎప్పుడూ ఆలస్యమే. జనం అరుస్తున్నా వినకుండా అక్క ఒక గంట కొట్టి బస్సాపేది. నేనెక్కాకే రెండు గంటలు. ఈ పన్నెండేళ్ళూ పెట్టె నన్ను నూకా అని పిలిచిన ప్రతిసారీ, లోపల అక్క ఆ స్టాపులో బస్సాపి నాకోసం చూస్తూనే ఉంది. నేను ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. దాన్ని కూడా తప్పుల్లో వేశాను కదా.

ముప్ఫయ్యో తారీఖు శనివారం. మధ్యాహ్నం పన్నెండున్నరకి అనుమతి ఆగిపోతుందని కంపెనీ కాగితంలో రాశారు. ఆఖరి మాటగా అక్క ఏదైనా పెద్ద మాట అంటుందని నేను ఎదురుగా కూర్చున్నాను. గడియారం చూస్తూ వంటింటి గుమ్మంలో బావ. రేకుడబ్బా గొంతు పలికింది.

“సూరిబాబూ, పొయ్యి మీద పప్పు మాడతంది, సూ—”

అంతే. పెట్టె మీద పచ్చదీపం ఆరిపోయింది. బావ వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చాడు. అక్క ఎడమచేత్తో బెల్టు కొక్కెం తనే విప్పి, పెట్టెని నా ఒళ్ళో పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది.

అక్క పెదాలు తడుపుకుంది. నాలుక తిరగడానికి నాలుగు సెకన్ల కంటే చాలా ఎక్కువే పట్టింది.

“అల... మండ.”

“ఏటక్కా?” అన్నాను.

“కొత్తవలస.”

పళ్ళెం తెచ్చాను. ఒక గరిటె అన్నం వేసి, మాడు తగలకుండా పైపైన పప్పు తీసి పోశాను. తింది. రెండో గరిటె వేశాను, అదీ తింది. చాలా అని నేను అడగలేదు, తన మొహమే చూస్తూ గరిటె పట్టుకుని నిలబడ్డాను. మూడో గరిటె సగం తిన్నాక అక్క పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి తలెత్తింది.

“కాంప్లెక్సు,” అంది.